సముద్రం దాటి వెళ్లిన పూర్వీకుడి జాడ తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తరాంధ్రలోను, గోదావరి జిల్లాల్లోను, చిత్తూరు ప్రాంతంలోను చాలా కుటుంబాల వంశవృక్షంలో ఒక పేరు దగ్గర కథ ఆగిపోతుంది. “ముత్తాతకు ఒక తమ్ముడు ఉండేవాడట, ఓడెక్కి పోయాడట, మళ్లీ కబురు లేదట” అన్నంతవరకే ఇంట్లో తెలుస్తుంది. ఆ తమ్ముడు ఏమయ్యాడో తెలుసుకోవాలనుకునే ఇక్కడి వారికి, దర్బన్‌లోనో మారిషస్‌లోనో ఉండి తాతల ఊరు ఏదో తెలియని బంధుమిత్రులకు సాయపడుతున్న వారికి సాధారణంగా ఎదురయ్యే ప్రశ్నలకు కింద సమాధానాలు ఇస్తున్నాము.

ముందు రికార్డులు చూడాలా, ఇంట్లో పెద్దలను అడగాలా?

పెద్దలనే అడగాలి. రికార్డు మరో పదేళ్లయినా అక్కడే ఉంటుంది, ఎనభై దాటిన మేనత్త విషయంలో ఆ భరోసా ఉండదు. ఇద్దరు ముగ్గురిని ఒకేచోట కూర్చోబెట్టి అడిగితే గట్టిగా మాట్లాడేవారి కథే అందరి కథ అయిపోతుంది కాబట్టి, ఒక్కొక్కరిని విడివిడిగా అడిగి, వారి మాటల్లోనే రాసుకుని, ఆ సంగతి వారు ఎవరి నోట విన్నారో కూడా పక్కన వేసుకోవాలి. “ఆయన ఎవరు?” అని సూటిగా అడిగినప్పుడు రాని సమాధానం, ఇంటి ఆచారాల గురించి అడిగినప్పుడు వస్తుంది. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ఎవరెవరి పేర్లు తలుస్తారు? తద్దినాలు పెట్టే ఇళ్లలో, సొంత తిథి లేకుండా మహాలయ అమావాస్య నాడు మాత్రమే తర్పణం అందుకునే పేరు ఏదైనా ఉందా? చనిపోయిన తిథి తెలియని వారికి ఆనాడు పెట్టడం ఆచారం గనుక, ఆ పేరు గలవారు దూరాన చనిపోయారని గానీ, మరణవార్త ఇంటికి సరిగా చేరలేదని గానీ అనుకోవడానికి అదొక ఆధారం. ఒక తరంలో ఇద్దరు ముగ్గురు మనవలకు ఒకే పేరు పెట్టారంటే, ఆ పేరు ఎవరిదో తప్పక అడగాలి.

ఏ సంవత్సరంలో వెళ్లాడో ఎవరికీ తెలియదు. కాలాన్ని ఎలా అంచనా వేయాలి?

మన పెద్దలు సంవత్సరాన్ని అంకెతో కాక కరువుతోనో గాలివానతోనో గుర్తుపెట్టుకున్నారు. ఆ గుర్తులు చాలావరకు నమ్మదగినవి. గుంటూరు ప్రాంతపు కుటుంబం “నందన కరువులో చెదిరిపోయాం” అంటే అది 1832-33. “ధాత కరువు” అంటే 1876-78 నాటి మద్రాసు ప్రెసిడెన్సీ మహా కరువు. కోరంగి రేవును ముంచిన ఉప్పెన 1839 నవంబరులో, బందరు ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చాయి. అయితే తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి కాబట్టి, కరువు ప్రస్తావన లేకుండా “నందనలో వెళ్లాడు” అని మాత్రమే చెబితే అది 1832 కావచ్చు, 1892 కావచ్చు. అప్పుడు తరాలను లెక్కించడం ఒక్కటే దారి. తరానికి పాతిక నుంచి ముప్పై ఏళ్ల చొప్పున వెనక్కి లెక్కిస్తే, అరవై ఏళ్ల తేడా ఉన్న రెండు సంవత్సరాల్లో ఏది కుదరదో చాలాసార్లు వెంటనే తేలిపోతుంది.

కరువులో ఊరు విడిచిన మనిషి ఆ ఏడాదే ఓడ ఎక్కాడని అనుకోకూడదు. ముందు కూలికి పట్నం చేరి, కొన్నేళ్ల తరువాత సముద్రం దాటినవారు ఉన్నారు. అంచనా వేసిన ఏడాదికి అటూ ఇటూ ఐదేళ్లు వదిలి వెతకడం మంచిది.

ఏ దేశం వెళ్లాడో కూడా తెలియకపోతే?

కాలం తెలిస్తే దేశాల జాబితా చిన్నదవుతుంది. మారిషస్‌కు ఒప్పంద కూలీలు, అంటే నిర్ణీత కాలం పనిచేస్తామని ఒప్పందం మీద వెళ్లినవారు, 1834 నుంచి వెళ్లారు. దక్షిణాఫ్రికాలో దర్బన్ ఉన్న నాటాల్‌కు మొదటి ఓడ ట్రూరో మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న దర్బన్ చేరింది. 1866లో ఆగిన ఈ వలస 1874లో మళ్లీ మొదలై 1911 దాకా సాగింది. ఆ యాభై ఏళ్లలో నాటాల్ చేరిన లక్షా యాభై రెండు వేల మందిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి వెళ్లినవారే. ఫిజీకి 1879 నుంచి ఓడలు వెళ్లినా అవి కలకత్తావి. మద్రాసు నుంచి ఫిజీకి కూలీలు వెళ్లడం 1903లో మొదలై 1916లో ముగిసింది.

ఈ లెక్కలతో కొన్ని కథలు అక్కడికక్కడే సర్దుకుంటాయి. 1870 ప్రాంతంలో నాటాల్‌కు కూలీగా వెళ్లాడని చెబితే ఆ సంవత్సరమో ఆ దేశమో, రెండింటిలో ఒకటి తప్పు. ధాత కరువులో ఇక్కడి నుంచి ఫిజీ వెళ్లాడన్నా అంతే. దేశం పేరు ఎత్తకుండా “రంగం వెళ్లాడు” అంటే రంగూన్. ఆ దారి వేరు, దాని గురించి కింద విడిగా చెప్పాము. తెలంగాణ కుటుంబాల్లో ఇటువంటి కథ ఉంటే ముందుగా బొంబాయి వైపు చూడటం మేలు. నిజాం రాజ్యం నుంచి చేనేత వారు, ఇళ్లు కట్టే కూలీలు ఎక్కువగా అటే వెళ్లారు.

“తెల్లదొరను కొట్టి పారిపోయాడు” అని మా ఇంట్లో చెబుతారు. నమ్మవచ్చా?

ఈ కథ ఎన్నో ఇళ్లలో ఉంది, అనుమానించడానికి అదే ప్రధాన కారణం. “సంతకు వెళ్తే మాయచేసి ఓడెక్కించారు”, “వదినతో మాట పడి అలిగి వెళ్లాడు” అనేవి కూడా అటువంటివే. మోసపోయి వెళ్లినవారు నిజంగానే ఉన్నారు, ఇంట్లో తగాదాపడి వెళ్లినవారూ ఉన్నారు. కానీ అప్పుల వల్ల పొలం పోగొట్టుకుని వెళ్లిన మనిషి గురించి మూడో తరం వారు దొరను కొట్టాడనే చెప్పుకుంటారు, అందులో గౌరవం ఉంది. నా అభిప్రాయంలో ఎందుకు వెళ్లాడన్నది కథలో అన్నిటికంటే బలహీనమైన భాగం. ఎవరితో వెళ్లాడు, ఏ రేవులో ఎక్కాడు, వెళ్లేనాటికి పెళ్లయిందా, పిల్లలున్నారా అన్న చిన్న వివరాలే గట్టివి. వాటిని మార్చి చెప్పవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

ఓడ జాబితాల్లో ఏమేమి ఉంటాయి?

నాటాల్ జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, స్త్రీయో పురుషుడో, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు వరుసగా రాశారు. ఆ సంఖ్య ఆ మనిషిని జీవితాంతం వెన్నంటింది. దక్షిణాఫ్రికాలోని కుటుంబం దగ్గర పాత పెళ్లి పత్రమో జనన పత్రమో ఉంటే ముందు ఆ సంఖ్య కోసమే చూడాలి, అది దొరికితే సగం పని అయినట్లే. జాబితాల అసలు ప్రతులు దర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయం వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది.

మారిషస్ రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ అధీనంలో ఉన్నాయి. 1860ల తరువాతి వాటిలో కొందరి ఫోటోలు కూడా ఉండటం వాటి ప్రత్యేకత. ఫిజీకి వెళ్లిన ప్రతివారికీ ఒక వలస పాసు ఉండేది. ఆ పాసులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మన వైపు నుంచి వెతికేవారికి ఈ పాసులో అన్నిటికంటే విలువైన గడి దగ్గరి బంధువు పేరు. అన్నదమ్ముల్లో ఒకరు వెళ్లి ఒకరు ఉండిపోతే, ఉండిపోయిన మీ ముత్తాత పేరు ఆ గడిలో కనిపించే అవకాశం ఉంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పేరు అప్పలసామి, తండ్రి సన్యాసి, వయసు 22, జిల్లా గంజాం, తాలూకా చికాకోల్, ఎడమ మోచేతి మీద మచ్చ. దర్బన్‌లోని ముని మనవడు దీన్ని చదివి, తమ పూర్వీకుడు ఒడిశా నుంచి వచ్చిన ఒక సన్న్యాసి కొడుకని అనుకుంటాడు. శ్రీకాకుళం వైపు వారెవరైనా చదివితే వేరుగా చదువుతారు. సన్యాసి ఆ ప్రాంతంలో సంసారులకు మామూలుగా పెట్టే పేరు. అప్పలసామి సింహాచలం అప్పన్న పేరు. చికాకోల్ అంటే శ్రీకాకుళమే, అది అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. ఒక్క వరుసలో ఇంత సమాచారం ఉంటుంది, దాన్ని రాబట్టడానికి ఆ నేల తెలిసినవారు పక్కన ఉండాలి. విదేశాల్లోని కుటుంబాలకు ఇక్కడి వారు చేయగల అసలు సాయం ఇదే.

జిల్లా పేరు మా ఊరికి సరిపోవడం లేదు. వేరే మనిషి అనుకోవాలా?

తొందరపడవద్దు. ఊళ్లు కదలకపోయినా జిల్లాల సరిహద్దులు చాలాసార్లు మారాయి. గంజాంలో అధికభాగం 1936లో ఒరిస్సాలో కలిసినప్పుడు శ్రీకాకుళం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, శ్రీకాకుళం సొంత జిల్లా అయింది 1950లో. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది, కాబట్టి ఓడ జాబితాలో ఆ ప్రాంతం వారంతా విశాఖపట్నం జిల్లావారే. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. అందువల్ల నాటాల్‌లో “ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చాం, తమిళులం కాబోలు” అనుకునే కుటుంబాల్లో కొన్ని తెలుగు కుటుంబాలే. గుంటూరు 1859 నుంచి 1904 దాకా కృష్ణా జిల్లాలో భాగం. ఊరి పేరు దొరికినా, అదే పేరుతో జిల్లాకు నాలుగు ఊళ్లుండే మన ప్రాంతంలో తాలూకా తెలియనిదే అడుగు ముందుకు వేయకూడదు.

ఇంటిపేరు ఎక్కడా కనిపించదేమి?

గుమాస్తా అడిగింది పేరు, తండ్రి పేరు మాత్రమే కాబట్టి. మనకు ముందు రాసే ఇంటిపేరు ఆ జాబితాల్లో చాలా అరుదు. అక్కడ స్థిరపడ్డాక తండ్రి పేరో తాత పేరో పిల్లలకు కుటుంబనామంగా మారిపోయింది, లేదా నాయుడు, రెడ్డి, చెట్టి వంటి చివరి పదం నిలిచిపోయింది. తెలుగు రాని గుమాస్తా చెవికి విన్నట్టు ఇంగ్లీషులో రాసిన పేరుకు రెండు మూడు రూపాలు ఉంటాయి కాబట్టి, జాబితాను కంటితో చదవకుండా అక్షరాలు కొట్టి వెతకడం మీదే ఆధారపడితే చేతిదాకా వచ్చినది జారిపోతుంది.

కులం గడిలో మా కులం కాక మరొకటి ఉంది.

ఇది తరచుగా కనిపిస్తుంది, దీన్ని బట్టి ఒకరిని కాదనడం గానీ ఔననడం గానీ కుదరదు. రాసినవాడికి తేడాలు తెలియకపోవచ్చు, చెప్పినవాడు కావాలని మార్చి చెప్పి ఉండవచ్చు. ఊరి కట్టుబాట్ల నుంచి తప్పించుకోవడానికి వెళ్లినవారికి అక్కడ కొత్త కులం చెప్పుకునే వీలు దొరికింది, ఒప్పందం ముగిశాక పేరు చివర నాయుడు చేర్చుకున్నవారు ఉన్నారు. కొన్ని పాత రికార్డుల్లో తెలుగువారినందరినీ కలిపి జెంటూలు అనేవారు. ఈ గడి చూసి నొచ్చుకునే బంధువులు ఇటూ ఉంటారు, అటూ ఉంటారు. వారిని ఒప్పించవలసిన బాధ్యత వెతికేవారిది కాదు, ఉన్నది ఉన్నట్టు రాసిపెడితే చాలు.

వెళ్లినది మా ముత్తవ్వ చెల్లెలు. ఆడవారి జాడ ఎలా?

కష్టమే, కానీ అనుకున్నంత కాదు. నూరుమంది మగవారికి నలభైమంది ఆడవారు ఉండాలన్న నిబంధన వల్ల ఓడల్లో ఆడవారి సంఖ్య గణనీయంగానే ఉంది. ఒంటరిగా వెళ్లినవారిలో వితంతువులు, భర్త వదిలేసినవారు, భర్తను వదిలి వచ్చినవారు ఉన్నారు. ఇంటి కథలో ఇటువంటి స్త్రీని చాలాసార్లు “చిన్నప్పుడే పోయింది” అని ముగించేస్తారు. ఎలా పోయిందో ఎవరూ వివరం చెప్పలేని మరణం, తిథి లేని మరణం, ఒకే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పే మరణం కనిపిస్తే ఆ పేరును జాబితాల్లో వెతకడం వృథా కాదు. ఒంటరి స్త్రీని తండ్రి పేరుతోనూ, జంటగా వెళ్లినవారిని ఒకరి సంఖ్య పక్కన ఒకరినీ రాసిన సందర్భాలు ఉంటాయి కాబట్టి ముందు వెనుక వరుసలు కూడా చదవాలి. ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచే డిపోలో కుదిరిన జంటలు ఉన్నాయి గనుక, భర్తగా రాసిన మనిషి ఊరి నుంచి తెచ్చుకున్న భర్తే కానక్కరలేదు.

రంగం వెళ్లినవారికి ఇటువంటి జాబితాలు లేవా?

లేవు. 1937లో విడదీసేదాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల్లో టిక్కెట్టు కొనుక్కునో, మేస్త్రీ ఇచ్చిన బయానా తీసుకునో స్టీమరెక్కి వెళ్లేవారు. ఒప్పంద కూలీలకు పెట్టినట్టు మనిషికో సంఖ్య పెట్టి రాసే పద్ధతి అక్కడ లేదు. కాబట్టి ఇక్కడ ఆధారాలన్నీ ఇంటి పెట్టెలోనే ఉంటాయి: మనియార్డరు రసీదులు, కార్డుముక్కలు, వెనుక స్టూడియో ముద్ర ఉన్న ఫోటో. ఫోటో ముందువైపు కంటే వెనుకవైపు జాగ్రత్తగా చూడాలి.

రంగం కథలకు కాలం కట్టడం సులువు. “గొడవల్లో పోయాడు” అంటే 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీల మధ్య మొదలై, తెలుగువారి మీద పడిన అల్లర్లు కావచ్చు. “బాంబులు పడ్డప్పుడు నడిచి వస్తూ దారిలో పోయాడు” అంటే 1941 డిసెంబరు తరువాతి మాట. 1960లలో తిరిగివచ్చిన వారికి ప్రభుత్వ పునరావాస పత్రాలు ఉన్నాయి. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చినదే. వారి ఇళ్లలోని పెద్దలను కలిస్తే, రంగూన్‌లో ఏ ఊరివారు ఏ పేటలో ఉండేవారో ఇప్పటికీ చెప్పగలిగినవారు దొరుకుతారు.

యానాం నుంచి వెళ్లాడంటే?

ఫ్రెంచి రికార్డులు చూడాలి. 1820ల చివర్లోనే యానాం నుంచి రీయూనియన్ దీవికి కూలీలను తీసుకువెళ్లారు. యానాం జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఊళ్లో వెతకదగిన రికార్డులు ఏవి?

అన్నిటికంటే ముందు పాత పంపకాల దస్తావేజు. నలుగురు అన్నదమ్ములున్న ఇంట్లో మూడు వాటాలే పడితే నాలుగో వాడి గురించి ఒక్క వాక్యమైనా రాసి ఉంటారు. “దేశాంతరం పోయినందున” అన్న మాట దొరికితే, దస్తావేజు తేదీని బట్టి అతను ఎప్పటికి వెళ్లిపోయాడో తెలుస్తుంది. దస్తావేజు ఇంట్లో లేకపోతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పేర్ల సూచిక, ఆస్తుల సూచిక అని రెండు పుస్తకాలుంటాయి. రుసుము కట్టి వాటిని చూసే హక్కు ఎవరికైనా ఉంది. కంప్యూటర్‌లో వచ్చే ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే పత్రం) ఇటీవలి దశాబ్దాలకే పరిమితం, పాతవి చేత్తో వెతికించుకోవాలి.

పొలం రికార్డుల విషయంలో ఊరు ఏ పద్ధతి కిందిదో తెలియాలి. రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైతువారీ ఊళ్లలో పందొమ్మిదో శతాబ్దపు సెటిల్‌మెంట్ రిజిస్టర్లు, రెండు భాషల్లో ఉన్నందున డైగ్లాట్ అని పిలిచేవి, పట్టాదారు పేరుతో సహా దొరకవచ్చు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం వంటి జమీందారీ ఊళ్లలో ఆ లెక్కలు సంస్థానం దివాణంలో ఉండేవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే చాలాచోట్ల ప్రభుత్వ సర్వే జరిగింది. తీరా ఎక్కువ మంది వలసపోయినది ఆ జమీందారీ ప్రాంతం నుంచే. ఇనాం (సేవకు ప్రతిగా ఇచ్చిన భూమి వంటిది) ఉన్న కుటుంబాలకు మాత్రం ఒక అదృష్టం ఉంది. 1860 ప్రాంతంలో జరిగిన ఇనాం విచారణ రిజిస్టర్లలో ఇనాందారు పేరు, వయసు, వారసుల వివరాలు ఉంటాయి. అవి పూజారులకే కాదు, ఇనాం భూమి అనుభవించిన గ్రామసేవకుల కుటుంబాలకూ పనికివస్తాయి. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, అంతకుముందరి సేత్వార్ అనే భూమి రికార్డులు చూడాలి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని కాగితాలు ఆఫీసులకు చేరలేదు కాబట్టి, పాత కరణంగారి వారసులను మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

వంశాలు చెప్పేవారి మాట ఎంతవరకు తీసుకోవచ్చు?

పిచ్చుకకుంట్ల వారు, భట్రాజులు, విశ్వబ్రాహ్మణులకు రుంజలవారు, మాదిగలకు డక్కలివారు తరతరాలుగా ఇంటిపేర్లు, గోత్రాలు చెబుతూ వచ్చారు. ఏ ఇంటిపేరువారు ఏ ఊరి నుంచి ఏ ఊరికి కదిలారన్న విషయంలో వారి జ్ఞాపకం గొప్పది. ఒక్క మనిషి సంగతికి వస్తే, అదీ సంభావన ఇచ్చే ఇంటివారి ముందు, కొంచెం తగ్గించి వినాలి. కాశీ, గయ పండాలు యాత్రికుల పేర్లు రాసుకునే బహీల్లోనూ పేర్లు దొరకవచ్చు, ఆ కుటుంబం అక్కడికి వెళ్లి ఉంటే.

జనాభా లెక్కల్లో పేరు దొరుకుతుందా?

దొరకదు. మన దేశంలో ఆ నాటి ఇంటింటి పత్రాలను దాచలేదు, మొత్తాలే మిగిలాయి.

డీఎన్ఏ పరీక్షతో తేల్చుకోవచ్చా?

ఒంటరిగా అది తేల్చలేదు. మేనరికాలు తరతరాలుగా సాగిన కుటుంబాల్లో ఇద్దరి మధ్య కలిసే భాగం ఉన్న బంధుత్వం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఐదో తరం బంధువు మూడో తరం బంధువులా అనిపిస్తాడు. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోమ్ పరీక్ష, ఇద్దరూ మగ సంతతి వరుసలోనే ఉన్నప్పుడు, “కాదు” అని చెప్పడానికి బాగా పనికివస్తుంది. “ఔను” అన్నా అది ఆ అన్నదమ్ములే అని కాదు, ఆ వంశం అని మాత్రమే.

దొరికిన మనిషి మావాడేనని ఎప్పుడు నిర్ణయించుకోవచ్చు?

పేరు కలిస్తే చాలదు. ఒక్క ఓడలోనే నలుగురు అప్పన్నలు ఉంటారు. తండ్రి పేరు, తాలూకాతో సహా ఊరు, మూడు నాలుగేళ్ల తేడాలో వయసు, ఈ మూడూ కలవాలి. వయసు అందరిదీ ఉజ్జాయింపే, అందుకే ఆ తేడాను వదిలిపెట్టాలి. వీటికి తోడు ఇంటి కథలోని ఒక స్వతంత్ర వివరం, ఉదాహరణకు తోడు వెళ్లిన మరో మనిషి పేరు, అదే జాబితాలో పక్క వరుసలో కనిపిస్తే ఇక సందేహించనక్కరలేదు. ఒకే ఊరివారు గుంపుగా వెళ్లడం సాధారణం గనుక, తోడు పేరు అడగమని పైన చెప్పినది ఇందుకే. కలవని వివరాన్ని దాచకుండా కాగితం మీద పెట్టాలి.

విదేశంలోని బంధువులు ఊరికి వస్తామంటున్నారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మొదటి రోజు పొలం మాట ఎత్తకూడదు. నూరేళ్ల తరువాత వచ్చిన వారసుడు అనగానే ఊళ్లో వచ్చే మొదటి అనుమానం వాటా గురించే, ఆ అనుమానం పుట్టాక ఎవరూ నోరు విప్పరు. ఆస్తి కోసం రాలేదన్న మాట ఇంటి పెద్దకు ముందే, ఊరివాళ్ల ద్వారా చెప్పించడం మంచిది. వచ్చేవారికీ ఒక సంగతి చెప్పాలి: అక్కడ ముత్తాతకు ఇంకో భార్య ఉన్నట్టు రికార్డులో ఉంటే, ఇక్కడ ఆయన కోసం మెడలో తాళి తీయకుండా ఎదురుచూసిన మొదటి భార్య సంతానం ఉండవచ్చు. ఆ కాగితం నలుగురి ముందు కాక, ఇంటివారిలో ఒక పెద్దకు విడిగా చూపించాలి.

ఈ పత్రాలు విదేశాల్లోని భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు పనికివస్తాయా?

వస్తాయి, అయితే గొలుసు తెగకూడదు. ఓడ జాబితాలోని మనిషి నుంచి దరఖాస్తుదారు దాకా ప్రతి తరానికీ జనన పత్రమో వివాహ పత్రమో ఉండాలి. పేరు రూపం మారిన చోట, ఇద్దరూ ఒకరేనని చూపే పత్రం జతచేయాలి. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఈ అవకాశం ఇస్తున్నట్టు 2024 మార్చిలో రాష్ట్రపతి అక్కడి పర్యటనలో ప్రకటించారు. మిగతా దేశాలవారు దరఖాస్తుకు ముందే తమ భారత దౌత్య కార్యాలయంలో తరాల పరిమితి ఎంతో అడిగి తెలుసుకోవాలి, ఆర్కైవ్స్ నుంచి ధ్రువీకరించిన నకళ్లు రెండేసి తెప్పించుకోవాలి.